ఖాదర్ బాబాయి బూట్లకు రెండు ముడులు

కొబ్బరి నూనెలో కర్పూరం వేసి వెచ్చబెడితే నాకు ఇల్లంతా తెనాలి వాసన వేస్తుంది. మా ఆవిడకి మాత్రం ఆసుపత్రి వాసన. "మళ్ళీ బయల్దేరారా?" అంటుంది. ఈ మధ్య మా కాలనీలో పికిల్‌బాల్ అనే ఆట వచ్చింది. చిల్లులున్న ప్లాస్టిక్ బంతి, పలక లాంటి బ్యాటు. డెబ్బై దాటినవాళ్ళం నలుగురం పొద్దున్నే ఆడతాం. ఆటకు ముందు మోకాళ్ళకు ఈ నూనె పట్టించడం నాకు నేర్పింది డాక్టరు కాదు, సైకిలు షాపు ఖాదర్ బాబాయి.

ఎనిమిదో తరగతిలో నేను చదువు మానేశాను. నన్ను ఆపడానికి చదువు కూడా పెద్దగా ప్రయత్నించలేదు. నా నోటి పుణ్యమా అని రెండు మూడు కొట్లలో పని పోయాక, అరవైల చివర్లో, తెనాలిలో బాబాయి షాపులో కుదిరాను. అప్పటికి నేను మీసాలొచ్చిన మొనగాణ్ణి, ఆయన అరవైకి దగ్గరపడ్డ మనిషి. సాయంత్రం షాపు కట్టేసి ఇద్దరం బాల్ బ్యాడ్మింటన్ ఆడటానికి వెళ్ళేవాళ్ళం. ఉన్ని బంతి, మట్టి కోర్టు, జట్టుకు ఐదుగురు. నేను ముందు వరసలో, ఆయన అందరికన్నా వెనక. అంతకుముందోసారి రేపల్లె పోటీల్లో ఎత్తుగా వచ్చిన బంతి కోసం, పైకి చూస్తూ వెనక్కి వెనక్కి నడిచి వెల్లకిలా పడ్డారట. ఎడమ మణికట్టు విరిగింది. అతికింది గానీ వంకరగా అతికింది, ఆ చేత్తో దేన్నీ గట్టిగా లాగలేరు. ఆయన భార్య జాన్‌బీ పిన్ని అప్పుడే తేల్చి చెప్పేసింది: "ఇంకొక్కసారి పడ్డారంటే ఆ బ్యాటు పొయ్యిలోకే." పిన్ని మాటంటే మాటే. ఆట లేకపోతే బాబాయికి సాయంత్రమే లేదు.

అందుకని ఆయన తన ఒంటిని బాగుచేతకు వచ్చిన సైకిల్లా చూసుకునేవారు. మధ్యాహ్నం కోర్టు మీద నీళ్ళు చల్లేవాళ్ళు కదా, ఎక్కడ ఇంకా తడి ఉందో బూటు కొనతో నొక్కుకుంటూ చుట్టూ తిరిగేవారు. తరవాత చీలమండలు, మోకాళ్ళు, భుజాలు నెమ్మదిగా తిప్పేవారు. మేమంతా బ్యాట్లు పట్టుకుని ఎదురుచూస్తుండేవాళ్ళం.

"బాబాయ్, గాలి కూడా కొట్టమంటారా?" అనేవాణ్ణి.

"నీకెందుకురా, నువ్వెప్పుడూ నోట్లో గాలితోనే నడుస్తావుగా!" అనేవారు, మోకాలు తిప్పడం ఆపకుండా.

బయల్దేరేముందు ఇంటి అరుగు మీద ఇంకో తతంగం. బాబాయి కాలు చాపితే, పిన్ని కింద కూర్చుని కాన్వాసు బూట్ల తాళ్ళు బిగించేది. ఒక ముడి, దాని మీద ఇంకో ముడి. మొహం మాత్రం ముడుచుకునే ఉండేది.

"ఆట వద్దని మీరే అంటారు, బూట్లూ మీరే కడతారు. ఇదేంటి పిన్నీ?" అన్నాను ఒకసారి.

"వద్దంటే మానతారా? నేను కట్టకపోతే తాళ్ళు ఈడ్చుకుంటూనే పోతారు," అని రెండో ముడి ఇంకాస్త గట్టిగా లాగింది.

బాపట్ల పోటీలు నాకు బాగా గుర్తు. చివరి ఆట, చివరి పాయింటు. బంతి నా తల మీదుగా ఎత్తుగా లేచి వెనక్కి పోయింది. తిరిగి చూశాను. బాబాయి దాన్ని చూశారు, పైకెత్తిన బ్యాటు దించారు, అలాగే నిలబడ్డారు. బంతి ఆయన వెనక, గీత లోపల, మెత్తగా పడింది. కప్పు అవతలివాళ్ళు పట్టుకుపోయారు.

రైల్లో నేను ఊరుకోలేకపోయాను. "నాలుగడుగులు వెనక్కేస్తే అందేది కదండీ!"

"అందేది. నేనూ అందేవాణ్ణి, డాక్టరుగారికి."

"కప్పు పోయింది బాబాయ్."

"ఆ కప్పు ఇంటికి తీసుకెళ్తే మీ పిన్ని పోపుగింజలు పోసుకుంటుంది. నన్ను నలుగురూ మోసుకెళ్తే ఏం చేసుకుంటుంది?" అన్నారు. "రేపు సాయంత్రం ఆడాల్రా నేను."

మర్నాడు సాయంత్రం ఆయన కోర్టులో బూటు కొనతో తడి వెతుక్కుంటున్నారు.

డెబ్బైల్లో ఒక వానాకాలం జ్వరమొచ్చి జాన్‌బీ పిన్ని పోయింది. బాబాయి షాపుకు వచ్చేవారు, పని చేసేవారు, సాయంత్రమయ్యేసరికి ఇంటికెళ్ళిపోయేవారు. బ్యాటు షాపులో మేకుకే వేలాడేది. దిగులు అనుకుని మేమెవ్వరం కదిలించలేదు. చలి మొదలయ్యే రోజుల్లో ఒక సాయంత్రం, బూట్లు తొడుక్కుని, తాళ్ళు నేల మీద ఈడుస్తూ వచ్చి నా ముందు నిలబడ్డారు.

"ఒరేయ్ సుబ్బూ, కాస్త కట్టవా? ఈ చెయ్యి లాగలేకపోతోంది."

పాత ట్యూబుల మధ్య కూలబడి, ఆయన కాలు ఒళ్ళో పెట్టుకున్నాను. ఇంకెప్పుడైనా అయితే పది వేళాకోళాలు ఆడేవాణ్ణి. ఆ రోజు తాళ్ళకంటిన మట్టి దులిపి బిగించాను. ముడి వేసి కాలు దించబోతే ఆయన దించనివ్వలేదు.

"ఇంకోటి వెయ్యి. మీ పిన్ని రెండు వేసేది."

వేశాను. అప్పట్నుంచి ప్రతి సాయంత్రం నేనే వేశాను. ఆయన చాలా ఏళ్ళు ఆడారు, మళ్ళీ పడలేదు. ఆ బ్యాటు పొయ్యి మొహం చూడలేదు.

ఇవాళ పొద్దున నా తల మీదుగా ఒక బంతి ఎత్తుగా పోయింది. పక్కనున్నాయన "వెనక్కి, వెనక్కి!" అని అరిచాడు. నేను బ్యాటు దించి నిలబడ్డాను.

"ఏంటండీ, అలా వదిలేశారు?"

"రేపు కూడా ఆడాలి కదండీ," అన్నాను.

ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని బూట్లు విప్పుకోవడానికి నాకు చాలాసేపు పడుతుంది. రెండేసి ముడులు మరి.