బావ పళ్ళసెట్టు

నేను గుడివాడలో స్కూలు టీచర్ని. దెయ్యాల కబుర్లు మొదలైతే అక్కడి నుంచి లేచిపోయే రకం. ఇప్పటికీ అవి ఉన్నాయని అనను. బావ విషయంలో ఏం జరిగిందో మాత్రం చెబుతాను.

మా అక్కని బందరు దగ్గర సముద్రపు ఒడ్డు ఊళ్ళో ఇచ్చాం. బావ బోటు మీద వేటకెళ్ళేవాడు. ఒకసారి వల లాగుతుంటే తాడు తెగి మూతికి కొట్టింది. పై వరసలో మూడు పళ్ళు ఊడిపోయాయి. బందర్లో తీసి పెట్టుకునే పళ్ళసెట్టు కట్టించుకున్నాడు. పక్క పళ్ళని పట్టుకునే తీగ కొక్కెం ఒకటి విరిగితే డాక్టరు లావుపాటి తీగ వేసి అతికాడు.

వేటకి మాత్రం అది పెట్టుకుని వెళ్ళేవాడు కాదు, ఇంట్లో నీళ్ళ డబ్బాలో వేసి వెళ్ళేవాడు. "జారిపడితే చేపలు పెట్టుకుంటాయి బామ్మర్దీ," అని నాతో నవ్వేవాడు.

మొన్నటి వానాకాలంలో గాలికి బోటు తిరగబడింది. మిగతావాళ్ళు ఒడ్డుకి చేరారు. బావ చేరలేదు.

నేను వెళ్ళేసరికి అక్క గుమ్మంలో కూర్చుని ఉంది. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నన్ను చూసి అన్న మొదటి మాట, "తమ్ముడూ, గూట్లో డబ్బా ఉంది, నీళ్ళు మార్చరా. వచ్చాక ఆయన పెట్టుకోవాలి."

మార్చాను. పళ్ళసెట్టు నా చేత్తోనే కడిగి, మళ్ళీ డబ్బాలో వేసి మూత పెట్టాను. లావు తీగ వేలికి గుచ్చుకుంది కూడా.

మర్నాడు దివిసీమ వైపు ఒడ్డుకి ఒక శవం కొట్టుకొచ్చిందని పోలీసులు ఫోన్ చేశారు. నేనొక్కణ్ణే బండి మీద ఆసుపత్రికి వెళ్ళాను. మొహం చూసి పోల్చుకునే స్థితిలో లేదు. ఒంటి మీద బట్టలు లేవు.

"ఏదైనా గుర్తు చెప్పగలరాండీ?" అన్నాడు డాక్టరు.

"పైన మూడు పళ్ళు ఉండవండీ."

"ఈయన నోట్లో పళ్ళసెట్టు ఉందండీ."

నాకు ఊపిరి తిరిగొచ్చింది. బయటికొచ్చి ఫోన్ చేశాను. "అక్కా, బావ కాదు." అటువైపు అక్క భోరుమని ఏడ్చింది. సంతోషంతో.

లోపలికి వెళ్తే డాక్టరు ట్రే చూపించాడు. గులాబీరంగు ముక్క మీద మూడు పళ్ళు. ఒక కొక్కెం సన్నం, రెండోది లావు.

మళ్ళీ ఫోన్ చేశాను. "అక్కా, ఆ డబ్బా ఒకసారి చూడు," అన్నాను. మూత తీసిన చప్పుడు వినిపించింది. "నీళ్ళే ఉన్నాయిరా."

ఇంట్లో అందరినీ అడిగాను. ఎవరూ దాన్ని ముట్టలేదన్నారు. శవాన్ని తిన్నగా ఒడ్డు నుంచే ఆసుపత్రికి తెచ్చారు. నాకంటే ముందు మావాళ్ళెవరూ అక్కడికి రాలేదు. బావకి ఇంకో సెట్టు లేదని బందరు డాక్టరు కూడా చెప్పాడు. నా చేత్తో కడిగిన వస్తువు అంతదూరం ఎలా వెళ్ళిందో నాకు ఈరోజుకీ తెలియదు.

అక్కకి ఆ సందేహమే లేదు. సెట్టు మళ్ళీ నోట్లో పెట్టించి శవాన్ని ఇంటికి తెచ్చాక ఒకే మాట అంది.

"ఎవరో అనుకుని వదిలేస్తామని భయపడ్డాడురా. నోట్లోంచి తియ్యకండి."

తియ్యలేదు.