నలభై ఉప్పు డబ్బాలు

మా కాలేజీలో ప్రిన్సిపాల్ గారి గది బయట ఒక నల్లబల్ల ఉంది. దాని నెత్తిన తెల్ల పెయింటుతో ‘పరిశోధనలు, సిబ్బంది విశేషాలు’ అని రాసి ఉంటుంది. ఎవరి వ్యాసం అచ్చయింది, ఎవరు ఏ సదస్సుకు వెళ్లొచ్చారు, ఎవరికి పీహెచ్‌డీ వచ్చింది, ఏ డిపార్ట్‌మెంటు వాళ్లు ఏ ఊళ్లో వైద్య శిబిరం పెట్టారు, అన్నీ నెలకోసారి దాని మీదికి ఎక్కుతాయి. ఎక్కించేది నేను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని పదకొండేళ్ల కింద అప్పటి ప్రిన్సిపాల్ గారు సుద్దముక్క నా చేతిలో పెట్టారు. ఆ తర్వాత ముగ్గురు ప్రిన్సిపాళ్లు మారారు గానీ, సుద్దముక్క మాత్రం నన్ను వదల్లేదు.

ఆ పదకొండేళ్లలో ఆ బల్ల మీద నా పేరు ఒక్కసారి కూడా రాలేదు. నేను నర్సింగ్ పిల్లలకు కమ్యూనిటీ హెల్త్ చెప్తాను. పిల్లల్ని వెంటేసుకుని ఊళ్లు తిరగడం, బీపీలు చూడడం, చేతులు ఎలా కడుక్కోవాలో చూపించడంతోనే ఏళ్లు గడిచాయి. పరిశోధన సంగతి వచ్చినప్పుడల్లా వచ్చే ఏడు చూద్దాంలే అనుకునేదాన్ని. నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన వాళ్ల పేర్లు నా గుండ్రటి అక్షరాలతో రాసి, కింద ‘అభినందనలు’ అని గీత కొడుతుంటే లోపల భగ్గున మండేది. మండిందని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఇంక రిటైర్మెంటుకు మూడేళ్లే ఉంది. ఈలోగా ఒక్కసారైనా, ఒక్క వరుసైనా, నా పేరు నేను ఆ బల్ల మీద రాసుకోవాలని పంతం పట్టాను.

అప్పుడే ఉప్పు ఆలోచన వచ్చింది. మా ఊళ్ల ఆడవాళ్లలో బీపీ ఎక్కువగా కనిపిస్తోంది. ఉప్పు ఎంత వాడతారని అడిగితే ప్రతి ఒక్కరూ ‘ఇంతే’ అని మూడు వేళ్లు కలిపి చూపిస్తారు. ఆ మూడు వేళ్ల మధ్య ఎంత పడుతుందో దేవుడికే తెలియాలి. అందుకని కౌడిపల్లి రోడ్డు మీద ఒక ఊళ్లో నలభై ఇళ్లకు కిలో ఉప్పు చొప్పున డబ్బాల్లో పోసి ఇచ్చి, నెల తర్వాత మిగిలింది తూస్తే సరి అనుకున్నాను. నాకు తోడుగా ఫార్మకాలజీ లెక్చరర్ సారు వచ్చారు. రోజూ హైదరాబాద్ నుంచి బస్సులో వచ్చిపోయే కుర్రాయన, లెక్కల్లో మహా చాదస్తం. ఎలక్ట్రానిక్ తరాజును తువ్వాలలో చుట్టి పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తిరిగేవారు. మనుషుల మీద చేసే ఏ పరిశోధనకైనా మా కాలేజీ కమిటీ ఒకటి అనుమతి ఇవ్వాలి. వాళ్లు రెండు గంటలు ఉప్పు మంచిచెడ్డలు చర్చించి, ఉప్పు దండిగా వేసిన మిర్చి బజ్జీలు తిని, అనుమతి ఇచ్చారు.

దసరా అయ్యాక అంగన్‌వాడీ దగ్గర డబ్బాలు పంచాం. సారు మొదటి డబ్బా ఒకావిడ చేతికి ఇవ్వబోతే ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

“ఉప్పు చేతికియ్యద్దు సారూ, కింద పెట్టుండ్రి. కొట్లాటలైతయి.”

సారు తెల్లబోయి నా వైపు చూశారు. నేను మహా గొప్పగా, ఉప్పు చేతి నుంచి చేతికి తీసుకోరని, కింద పెడితే వాళ్లే తీసుకుంటారని చెప్పాను. నలభై డబ్బాలూ నేల మీద పెడుతూ వచ్చారు పాపం. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మెదక్ దాకా ఆయనకు క్లాసు పీకాను. పరిశోధన చేయాలంటే ముందు జనం పద్ధతులు తెలియాలని, నేను ఎల్దుర్తి ఆడపడుచుని కాబట్టి నాకు అన్నీ తెలుసని చెప్పాను. ఆయన బుద్ధిగా తలూపారు. ఊరి వాళ్లకు నేను చెప్పింది మాత్రం రెండే ముక్కలు: “నెల రోజులు గీ డబ్బాల ఉప్పే వాడుండ్రి. నెలైనంక డబ్బ తెచ్చి మాకియ్యుండ్రి.”

నెల గడిచింది. చెప్పిన రోజున ఆడవాళ్లంతా ఉతికిన చీరలు కట్టుకుని, తళతళా తోమిన డబ్బాలు పట్టుకుని వరుసగా వచ్చారు. ఒక్కరూ తప్పలేదు. నాకు ఛాతీ ఉప్పొంగింది. సారు తరాజు తువ్వాల విప్పి, సున్నా చూసుకుని, మొదటి డబ్బా మూత తీశారు.

“మేడం, గిదేంది?”

అందులో చక్కెర ఉంది. రెండోదాంట్లో పుట్నాలు. మూడోదాంట్లో బెల్లం. నాలుగోదాంట్లో ఉప్పే ఉందని సారు ముఖం వెలిగింది గానీ, తూస్తే మేము ఇచ్చినదానికంటే ఎక్కువ తూగింది. ఆ లెక్కన ఆ ఇంట్లో ఉప్పు వాడడం మానేసి తయారు చేస్తున్నారన్నమాట. ఆ తర్వాత చింతపండు, కందిపప్పు, పల్లీలు. ఒకావిడైతే గారెలు తెచ్చింది, ఇంకా వేడిగానే ఉన్నాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. “ఏంది గిది? నేనేం చెప్పిన, మీరేం చేసిండ్రు?” అని గొంతు చించుకున్నాను.

గారెలు తెచ్చినావిడ ఏమాత్రం జంకలేదు. “గట్ల కోపానికొస్తరేంది మేడం? ఒట్టి డబ్బ ఎట్లిస్తం? మీ ఇంట్ల ఇస్తరా?”

మా అమ్మ పక్కింటి గిన్నెను ఒట్టిగా పంపిన రోజు నాకు గుర్తు లేదు. అందులో పెట్టడానికి ఏదో ఒకటి వండేదాకా ఆ గిన్నె మా గూట్లోనే ఉండేది. ఒక్కోసారి పక్కింటావిడే వచ్చి, ఒట్టిదైనా ఫర్వాలేదు ఇవ్వమని బతిమాలేది. అయినా అమ్మ ఇచ్చేది కాదు. అలాంటి ఇంట్లో పుట్టిన నేను, నలభై ఇళ్లకు డబ్బా తిరిగిచ్చేయమని చెప్పొచ్చాను. మిగిలిన ఉప్పేం చేశారని అడిగితే, తమ జాడీల్లో ఒంపుకున్నామన్నారు. సారు తరాజును మళ్లీ తువ్వాలలో చుట్టేశారు.

అందరి వెనకా ఒక అవ్వ నిలబడి ఉంది. ఊరి చివరింట్లో బీడీలు చుట్టుకుని బతుకుతుంది. డబ్బా కొంగు కింద దాచుకుని, అందరూ వెళ్లేదాకా ఆగి, తల వంచుకుని ముందుకొచ్చింది.

“ఏమనుకోకు బిడ్డా. ఈ వారం ఆకు రాలే, పని లేకుండె. నింపనీకె ఇంట్ల ఏం లేదు.”

సారు మూత తీస్తే లోపల మేమిచ్చిన ఉప్పు, వాడగా మిగిలింది, ఉన్నదున్నట్టు ఉంది. ఆయన ఎగిరి గంతేసినంత పని చేశారు. “మేడం, కరెక్ట్ రీడింగ్! ఒక్కటన్న దొరికింది!” అని మూడుసార్లు తూశారు. ఆయన సంబరం చూసి అవ్వ ముఖం ఇంకా చిన్నబోయింది. తనను ఎగతాళి చేస్తున్నామనుకుంది. “అవ్వా, అందరిల నీ ఒక్కదాందే సక్కగున్నదే” అని నేను చెప్పాను. “ఊకో బిడ్డా, నా ముఖం చూసి గట్లంటున్నవు” అని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. నలభై ఇళ్లలో మేము చెప్పినట్టు చేసింది ఆమె ఒక్కతే. సిగ్గుతో తల వంచుకుంది కూడా ఆమె ఒక్కతే.

మర్నాడు స్టాఫ్ రూంలో మా కథ అందరికీ టీలోకి బిస్కెట్ అయింది. “ఉప్పు పోతే పోయింది, చక్కెర మీద పేపర్ రాయుండ్రి మేడం” అని బయోకెమిస్ట్రీ మేడం. “గారెలేవి, శాంపిల్ మాకు సుత పంపాలె గదా” అని లైబ్రేరియన్. నవ్వుతూ నవ్వుతూనే నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. కాలేజీ పరిశోధన సభకు ఇంకా నెలన్నరే ఉంది. అక్కడ చదివితే నా పేరు కూడా బల్ల మీదికి ఎక్కుతుంది. ఈసారి తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. లెక్చరర్ సారు మెల్లగా, “ఉప్పు మనకు అచ్చి రాలేదు మేడం, ఇడిచిపెడదాం” అన్నారు.

“ఇడిచిపెడదాం గానీ, డబ్బాలు మనయే అయినా వాళ్లు నింపి తెచ్చిండ్రు, ముందుగాల వాపస్ ఇయ్యాలె గదా” అన్నాను.

“ఇద్దాం. కడిగి పంపిస్త.”

“ఒట్టియా?”

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అక్కడే మా రెండో ప్రయత్నం పుట్టింది.

ఆ వారం మా కాలేజీలో జరిగిన సిబ్బంది కార్యక్రమం ఏ బల్ల మీదికీ ఎక్కలేదు. బయోకెమిస్ట్రీ మేడం నువ్వుల లడ్డూలు చేసుకొచ్చారు. లైబ్రేరియన్ పేలాలు తెచ్చారు. ప్రిన్సిపాల్ గారు మా గదిలోకి తొంగి చూసి, ఏమీ అడక్కుండా వెళ్లి, అటెండర్‌తో రెండు పెద్ద బిస్కెట్ ప్యాకెట్లు పంపించారు. నలభై డబ్బాలూ నిండాయి. ఆటోలో వేసుకుని వెళ్లి ఇంటింటికీ ఇచ్చాం. అవ్వ డబ్బా మొదట ఇచ్చాను, నా చేత్తో చేసిన లడ్డూలతో. తీసుకుంది గానీ నా కళ్లలోకి చూడలేదు.

ఈసారి ఎవర్నీ ఏదీ తెమ్మనలేదు. “మీ ఉప్పు మీ జాడీలనే ఉండనియ్యుండ్రి, మేమే వస్తం” అన్నాం. వారం వారం తరాజు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. కొత్త ప్యాకెట్ కొంటే కవరు దాచిపెట్టమన్నాం, తొక్కు పచ్చళ్లలో పోసింది విడిగా చెప్పమన్నాం. ప్రతి ఇంట్లో చాయ్. సారు లెక్క రాసే పుస్తకంలో ఉప్పు గ్రాముల పక్కన తాగిన చాయ్‌లు కూడా రాసుకున్నారు, పాపం ఆ రాత్రిళ్లు ఆయనకు నిద్ర పట్టేది కాదట. నెల చివరికి ప్రతి ఇంటికీ ఒక అంకె తేలింది. ఆ మూడు వేళ్ల మధ్య పట్టేది తక్కువేం కాదని తేలింది. ఉప్పు తగ్గించమని ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చాం.

సభలో మైకు ముందు కాగితాలు సర్దుకున్నాను. మొదట చక్కెర, పుట్నాలు, గారెల సంగతి దాచకుండా చెప్పాను. హాలంతా పడీ పడీ నవ్వింది. తర్వాత రెండో నెల లెక్కలు చెప్పాను. అప్పుడెవరూ నవ్వలేదు, చప్పట్లు కొట్టారు. కిందికి దిగి అంత పెద్ద హాల్లో ఎవరూ చూడకుండా ముక్కు తుడుచుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం స్టూలెక్కి బల్ల రాస్తున్నాను. పైన అందరివీ రాశాను, ప్రిన్సిపాల్ గారు సదస్సుకు వెళ్లొచ్చిన ముచ్చట కూడా రాశాను. ఆ తర్వాత ‘ఇళ్లల్లో ఉప్పు వాడకంపై పరిశోధన’ అని రాసి, దాని పక్కన నా పేరు, సారు పేరు రాసుకున్నాను. పదకొండేళ్లలో నా అక్షరాలు వంకర పోయింది ఆ ఒక్క వరుసలోనే. ‘అభినందనలు’ గీత కొడుతుంటే వెనక నుంచి పిలుపు వినిపించింది.

“బిడ్డా, గీడున్నవా?”

చూస్తే అవ్వ. చేతిలో మా డబ్బా. వరండాలో సారు కూడా ఉన్నారు, ఆయనే లోపలికి తీసుకొచ్చినట్టున్నారు. మూత తీసింది. లోపల ఉడకబెట్టిన కందికాయలు, గొంతు దాకా.

“ఆ దినం ఒట్టి చేతులతోని ఇచ్చిన గదా, మనసుల ఒక్కతీర్గ కొడుతుండె. తిను. ఉప్పు తక్కువనే ఏసిన, నువ్వు చెప్పినట్లే.”

ఇప్పుడు నా కళ్లలోకి సూటిగా చూసింది. ఆ చూపుకు నేను స్టూలు దిగేశాను. ముగ్గురం అక్కడే నిలబడి కందికాయలు ఒలుచుకు తిన్నాం. నిజంగానే ఉప్పు తక్కువ.

“ఏం రాస్తున్నవు గాడ?” అని అడిగింది. చదివి వినిపించాను, కొంచెం గర్వంగానే. ఆమె బల్లను పై నుంచి కింది దాకా చూసింది.

“అయితే మా పేర్లేవి?”

పేర్లు రాయకూడదని, అది పరిశోధన నియమమని సారు నచ్చజెప్పబోయారు. అవ్వ నవ్వింది. “ఉప్పు మా జాడీలది, చాయ్ మా పొయ్యి మీదిది. పేరేమొ మీదా?”

ఆమె నవ్వులాటకే అంది. నాకు మాత్రం గుండెల్లో తగిలింది. పదకొండేళ్లు ఈ బల్ల ముందు నిలబడి అందరి పేర్లూ రాస్తూ, నా పేరేదని లోపల లోపల కుళ్లుకున్న మనిషిని. నా పేరు రాసుకునే వంతొచ్చేసరికి నేనూ వీళ్ల పేర్లు వదిలేశాను. సుద్దముక్క తీసుకుని మళ్లీ స్టూలెక్కాను. కింద జాగా లేదు. ప్రిన్సిపాల్ గారి సదస్సును డస్టర్‌తో తుడిచేసి, అక్కడ నా పేరంత పెద్ద అక్షరాలతో ‘పరిశోధకులు: నలభై ఇళ్ల ఆడవాళ్లు’ అని రాశాను. చదివి వినిపిస్తే అవ్వ తలూపి, ఖాళీ డబ్బా నా వైపు జరిపింది.

“గీ డబ్బ నీ దగ్గరనే ఉండనియ్యి. మల్లెప్పుడన్న వస్తవు గదా.”