గ్యారంటీ సీలు

మంచిర్యాల స్టేషన్‌లో, ఆడవాళ్ల వెయిటింగ్ రూంలో, ఒకామె నా పక్కన కూర్చుంది. కొత్త మోటార్‌సైకిల్‌ను రైల్లో నాగపూర్ పందేనికి తీసుకుపోతోంది. వేగం పెరగాలని, కంపెనీ వేసిన సీలు తెంచి, కార్బురేటర్‌ను తానే మార్చుకుందట.

“గ్యారంటీ పోదా అక్కా? నా కొత్త కుట్టుమిషన్‌కు కరెంటు మోటర్ పెడ్తనంటే గందుకే మా ఆయన వద్దంటుండు” అన్నాను.

“పోతది, పోనీ. ఖరాబైతే బాగుచేస్తమన్నరు గని గెలిపిస్తమన్లే గదా!” గోళ్లలోని గ్రీజును పిన్నీసుతో తీసుకుంటూ నవ్వింది. “మిషన్ తొక్కేది నువ్వా, ఆయననా?”

రైలు రాగానే, బండి ఎక్కించే చోటికి పరుగెత్తింది. పందెం గెలిచిందో లేదో నాకు తెలియదు.

ఆ వారమే మోటారు బిగించాను. మా ఆయన కొన్నాళ్లు ఆ మిషన్ వైపే రాలేదు. పెళ్లిళ్ల కాలంలో జాకెట్ల కోసం వచ్చినవాళ్లు వాకిట్లో నిలబడితే, కుర్చీలు తెచ్చి వేసింది ఆయనే.