మట్టి తిన్న తువ్వాల

ఆ ఉదయం తెల్లవారకముందే పార పట్టుకొని చేనుకు చేరాను. అంత ఆత్రం నాకు!

కోరుట్ల దగ్గరి మా చేను మధ్యలో గట్టు ఉంది. అవతలి ముక్కలో మక్కజొన్న కంకులు తెంపగానే నా కొడుకు మిగిలిన ఎండు కాడలకు, సొప్పకు, నిప్పు పెడతాడు. ఇవతలి ముక్కలో నేను పెట్టనివ్వను. సొప్ప ముక్కలు చేయించి, పశువుల ఎరువు వేసి దున్నిస్తాను. మూడేళ్లు ఓర్చుకున్నవాడు ఈసారి రెండూ కాలుస్తానని తేల్చేశాడు.

"దున్నుడు కిరాయి దండుగ అవ్వా. నీ మన్నుల ఏమున్నదో సూపెట్టు, ఆపుత."

ఊరికి వచ్చే వ్యవసాయాధికారి అమ్మాయిని అడిగాను.

"నూలుబట్ట పాతిపెట్టు పెద్దమ్మా, రెండు నెల్లకు తియ్యి. మట్టిల పురుగు, బూజు బతికుంటే దాన్ని తింటయి" అంది.

మంచి బట్ట మట్టిపాలు చేయడానికి మనసొప్పలేదు. సిరిసిల్లలో మా తమ్ముడి మరమగ్గం కింద పడ్డ పీలికలు తెచ్చి, మక్క విత్తనాలు పెట్టిన రోజే గట్టుకు అటూ ఇటూ పాతాను. రెండు నెలలకు తవ్వితే రెండూ కొత్తవాటిలాగే ఉన్నాయి!

"నీ భూమి ఉపాసమున్నదా అవ్వా?" కొడుకు పగలబడి నవ్వాడు.

ఇంటికొచ్చి పీలిక అంచుకు అగ్గిపుల్ల అంటించాను. బూడిద కాలేదు, కరిగి ముద్దకట్టింది. పాలిస్టర్! తమ్ముడికి ఫోన్ చేసి తిట్టాను.

"నూలుదని నేనెప్పుడన్ననక్కా? పుక్కటికి దొరికిందని నువ్వే మూటగట్టుకపోతివి."

వాడు చేతిమగ్గం మీద నేసిన రోజుల్లో ఇచ్చిన నూలు తువ్వాల ఒకటి పెట్టెలో దాచుకున్నాను. దాన్ని రెండుగా చింపాను. తిరిగి దొరికితే పనికొస్తుందని అంచులు మిషన్ మీద కుట్టించి మరీ గట్టుకు అటొకటి, ఇటొకటి పాతాను.

మళ్లీ రెండు నెలలకు, కంకులు తెంపిన మరునాడు కొడుకు జేబులో అగ్గిపెట్టెతో వచ్చాడు. అవతలి ముక్కలో తవ్వితే తువ్వాల మాసి, రెండు చిల్లులు పడింది, అంతే. ఇవతల పార దిగీదిగకముందే మట్టి మెత్తగా లేచింది. వానపాములు! సొప్ప ముక్కలకు దారాల్లా అల్లుకున్న తెల్లని బూజు! తువ్వాల ఏది? చేతులతో గోకాను. మిషన్ కుట్టిన పాలిస్టర్ దారం ఒక్కటే వేలికి చిక్కింది.

"తిన్నయిరా! మొత్తం తిన్నయి!" అని అరిచాను.

వాడు మోకాళ్ల మీద కూర్చొని ఆ దారాన్ని లాగి చూశాడు.

"గంత గట్టి తువ్వాలనా?"

"నువ్వు ఏటేటా కాలవెట్టేది గీ పురుగులను, గీ బూజునే. అగ్గిపెట్టె ఇటు తే, పొయ్యికి పనికొస్తది."

ఇచ్చాడు. గట్టు అవతలికి చూసి, "అటుదిక్కు సుత దున్నిద్దాం తియ్యి" అన్నాడు.

అవతల దొరికిన తువ్వాల ముక్కను ఉతికి, దానితో వేడిగిన్నెలు దించుతున్నాను. ఇంకా గట్టిగానే ఉంది. మట్టి తినకుండా వదిలేసిన దాన్ని చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.