పైకొచ్చారని చెప్పేదాకా

నాకు పొగరని ఆఫీసులో పేరు. ఉందండీ, ఉంది. దోహాలో స్టేడియాలు లేస్తున్న ఆ ఏళ్లలో నేను రాసిన ఒక చిన్న కోడ్ గురించి ఎవరూ అడక్కపోయినా చెప్పకుండా ఉండలేను. మా ఆయనైతే "మొదలెట్టింది తల్లీ" అంటూ టీ పెట్టుకోవడానికి లేచిపోతాడు.

అప్పుడు మేం ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక విల్లా పై వాటాలో ఉండేవాళ్లం. నేను ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేదాన్ని. ఒక స్టేడియం వైపు నీళ్లు తీసుకెళ్లే పైపులైను వేస్తున్న కాంట్రాక్టరుకు, పైపులోకి ఎవరు ఎప్పుడు దిగొచ్చో చెప్పే పర్మిట్ల ప్రోగ్రాం మేమే రాసిచ్చాం. మనిషి వంగి నడవగలిగేంత పెద్ద పైపులు అవి. పనివాళ్లు లోపలికి దిగి అతుకులకు పూత వేసేవాళ్లు. పూత అయిన ముక్కలో నీళ్లు నింపి, ఎక్కడైనా కారుతుందేమో చూసేవాళ్లు. లోపల మనుషులుండగా అవతలి కొసన పంపు తిప్పితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పంపు దగ్గర తెర మీద ఎరుపుంటే తిప్పకూడదు, పచ్చ ఉంటే తిప్పొచ్చు. ఆ రంగు తేల్చేది నా కోడ్.

దాన్ని మా భాషలో స్టేట్ మెషీన్ అంటారు. పెద్ద విద్యేం కాదు. ఒక పని ఏయే దశల్లో ఉండొచ్చో, ఏ దశ నుంచి ఏ దశకు వెళ్లొచ్చో ముందే కట్టుదిట్టం చేసి పెట్టడం. 'ఖాళీ', 'మనుషులు దిగారు', 'పైకొచ్చారు', 'నీళ్లు నింపుతున్నారు' అని నా దశలు. ఒక్కో దశ ఒక్కో ఆబ్జెక్ట్, అంటే తన నియమాలు తనలోనే ఉన్న చిన్న కోడ్ ముక్క. తన తర్వాత ఎవరు రావచ్చో దానికే తెలుసు. 'మనుషులు దిగారు' నుంచి 'నీళ్లు నింపుతున్నారు'కి దూకబోతే కుదరదు పొమ్మంటుంది. చిక్కల్లా ఒకటే, ఈ ఆబ్జెక్టులు బతికేది మెమరీలో. సర్వర్ ఆగిందా, అన్నీ గాలికి పోయినట్టే. అందుకని దశ మారినప్పుడల్లా దాని పేరు డేటాబేస్‌లో దాచాలి. సర్వర్ మళ్లీ లేచాక ఆ పేరు చదివి, అదే ఆబ్జెక్టును నిలబెట్టి, ఆగిన చోటి నుంచి నడిపించాలి.

ఎండాకాలం వచ్చింది. మధ్యాహ్నం ఎండలో బయట పని చేయించకూడదని అక్కడి నిబంధన. అందుకని 'ఎండ విరామం' అనే కొత్త దశ కలపమన్నాడు మా టీం లీడ్. గుంటూరాయన. మంచివాడే గాని ఎప్పుడూ కాళ్ల కింద నిప్పులు పోసుకున్నట్టుంటాడు.

"విరామం వస్తే 'ఖాళీ' కింద లెక్కేసెయ్యమ్మా. బ్రేక్ అంటే అందరూ పైకొచ్చినట్టేగా?" అన్నాడు.

"వచ్చారని ఎవరు చెప్పారండీ?"

"ఒకరు చెప్పాలా ఏంటి? అన్నం వేళ పైపులో కూర్చుంటారా ఎవరన్నా?"

"పైకొచ్చారని చెప్పేదాకా నా లెక్కలో లోపలున్నట్టే."

విరామం అంటే పని ఆగిందని అర్థం. మనుషులు ఎక్కడున్నారో అది చెప్పదు. అందుకే 'ఎండ విరామం' ఆబ్జెక్టుకు తనకు ముందున్న దశ గుర్తుండేలా రాశాను. ముందున్నది 'మనుషులు దిగారు' అయితే విరామంలోనూ ఎరుపే. డేటాబేస్‌లో కూడా ఇప్పటి దశకొక కాలమ్, వెనకటి దశకొక కాలమ్ పెట్టాను. రెండోది దండగన్నాడాయన. నాది చాదస్తమన్నాడు. కొన్నాళ్లు మా మధ్య మాటల్లేవు. కాలమ్ మాత్రం తీయలేదు.

ఒక మధ్యాహ్నం సైట్‌లో జనరేటర్ ఆగిపోయింది. అక్కడి క్యాబిన్‌లో ఉన్న మా సర్వర్ పడిపోయి, కాసేపటికి మళ్లీ లేచింది. నేను అప్పుడే క్యారేజీ విప్పి దొండకాయ వేపుడు కలుపుకుంటున్నాను. లీడ్ ఫోన్ పట్టుకుని పరుగున వచ్చాడు.

"పంపు దగ్గర ఎరుపు పోవట్లేదంట. సైటంతా బ్రేక్‌లో ఉంది, ఆ ముక్కలో పూత కూడా అయిపోయిందంట, ఈలోగా నీళ్లు నింపేస్తామంటున్నారు. కరెంటు పోయొచ్చాక నీ ప్రోగ్రాం తికమకపడ్డట్టుంది. డేటాబేస్‌లో 'పైకొచ్చారు' అని మార్చి పడెయ్."

ఎంగిలి చెయ్యి కడుక్కుని డేటాబేస్ తెరిచాను. ఇప్పటి దశ 'ఎండ విరామం'. వెనకటి దశ 'మనుషులు దిగారు'. సర్వర్ పడి లేచినా ఒక్క అక్షరం చెదరలేదు.

"తికమకేం లేదండీ. లోపలికి దిగినవాళ్లు పైకొచ్చినట్టు సైట్‌లో ట్యాబ్ మీద ఎవరూ నొక్కలేదు."

"నొక్కడం మర్చిపోయుంటారు! క్లయింటు నా నెత్తి మీద కూర్చున్నాడు. ఒక్క మాట మార్చడానికి ఇంత రాద్ధాంతమా?"

నాకు ఒళ్లు మండిపోయింది. కుర్చీలోంచి లేచి, "ఇదిగో కీబోర్డు. మార్చాలంటే మీరే మార్చండి. నా చేత్తో మార్చను" అన్నాను. ఆయన కీబోర్డు ముట్టుకోలేదు. ఆయన మంచితనం కింద ఆ మాట చెప్పి తీరాలి.

సైట్ ఫోర్‌మన్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. ఆయనది జగిత్యాల వైపు పల్లె. మనుషులు దిగినప్పుడు, ఎక్కినప్పుడు ట్యాబ్‌లో నొక్కేది ఆయనే. నన్ను చెల్లె అని పిలుస్తాడు.

"అన్నా, మీవాళ్లు పైపులోంచి పైకొచ్చారా?"

"బ్రేకే గద చెల్లె, అచ్చే ఉంటరు. నేను గీడ క్యాబిన్ల బువ్వ తింటున్న."

"ఉంటరు కాదన్నా. కళ్లతో చూశావా?"

"ఆగు చెల్లె, పోయి సూస్త" అన్నాడు. ఫోన్ పెట్టెయ్యలేదు. ఇసుకలో బూట్ల చప్పుడు, ఆయాసం వినిపిస్తున్నాయి. తర్వాత ఒక కేక. పైపులో గింగిరాలు తిరిగి మా చెవుల్లో పడింది.

"ఓరి మీ పాడుగాను! గీడ పండుకున్నరారా? లేవుండ్రి! యల్లా, యల్లా! జల్ది నడువుండ్రి!" వెంటనే ఫోన్‌లోకి, "నీళ్లు ఇడ్వకుండ్రి చెల్లె! నీ కాళ్లు మొక్కుత, నీళ్లు ఇడ్వకుండ్రి!"

"విడవలేదన్నా. ఎర్రగానే ఉంది. ఎర్రగానే ఉంటుంది" అన్నాను.

తర్వాత తెలిసింది. పైపు లోపల చల్లగా ఉంటుందని, షెడ్డు దాకా ఎండలో నడవలేక, పొద్దున్నే అన్నం డబ్బాలు వెంట తీసుకుపోయి అక్కడే తిని నడుం వాల్చడం వాళ్లకు అలవాటైపోయింది. పైపు మూతి దగ్గర కాపలా ఉండాల్సిన మనిషి కూడా తిండికి పోయాడు.

"అందరు మీదికచ్చిన్రు. ఒక్కొక్కని మొకం సూసిన" అన్నాడు ఫోర్‌మన్. ట్యాబ్ నొక్కాడు. నా కళ్ల ముందే డేటాబేస్‌లో 'పైకొచ్చారు' అని పడింది, ఎరుపు పచ్చయింది. లీడ్ నా పక్క కుర్చీలో కూలబడి, నా సీసాలో నీళ్లన్నీ తాగేశాడు. ఆ తర్వాత ఎవరు కొత్త దశ కలిపినా ఆయన మొదట అడిగే ప్రశ్న, "వెనకటి దశ దాచావా?" అని. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు తల గర్వంగా పైకి లేచేది. దించుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు.

వరల్డ్ కప్ వచ్చింది. ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాం. ఆటగాళ్లు ఇంకా రాలేదు, మా పైపులైను వెళ్లిన ఆ స్టేడియంలో గడ్డి మీద నీళ్లు చిమ్ముతున్నారు. ఫోన్ మోగింది. ఫోర్‌మన్. వెనక పనివాళ్ల క్యాంప్‌లో టీవీ గోల, మనుషుల గోల.

"చెల్లె, టీవీ సూస్తున్నవా? ఆ దినం పైపుల పండుకున్నోళ్లందరు నా పక్కనే ఉన్నరు. గవి మన నీళ్లే!"