పరదా మీది చార్మినార్

మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పాత ఫోటోలో తాత కుర్చీలో కూర్చుని ఉంటాడు, పక్కన అవ్వ నిలబడి ఉంటుంది, వెనక చార్మినార్. పెళ్లైన కొత్తలో, నైజాం కాలంలో, తాత అవ్వకు పట్నం చూపించిన గుర్తు అది. మా నాందేడు జిల్లా మహారాష్ట్రలో కలిసినా, మర్ఖేల్‌లోని మా ఇంట్లో పట్నమంటే హైదరాబాదే. ఎవరొచ్చినా తాత ఆ ఫోటో గోడ మీంచి దింపేవాడు.

"మా ఆమె చార్మినార్ జూసినామె. ఏమనుకుంటున్నరు!" అని మురిసేవాడు. అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

అరవైల్లో, బడి ఫారానికి ఫోటో కావాలంటే నాన్న నన్ను నాందేడు తీసుకుపోయాడు. స్టూడియోలో స్టూలు మీద కూర్చుని వెనక్కి తిరిగాను. వెలిసిపోయిన పరదా మీద మా చార్మినారే! ఒక మినారు మిగతావాటికంటే పొట్టి. మా ఫోటోలోనూ అంతే. నాకు ఒళ్లు మండింది. అబద్ధమంటే నాకు చిన్నప్పటినుంచీ పడదు. తాతను నలుగురిలో నిలదీయాలని, నాన్నకు కూడా చెప్పకుండా, దారంతా పళ్లు నూరుతూ వచ్చాను.

ఇంట్లో ముందు అవ్వ దొరికింది. పొయ్యి దగ్గర రొట్టె తడుతోంది. ఉన్నదంతా కక్కేశాను. అవ్వ చెయ్యి ఆగలేదు.

"నాకెర్కనే బిడ్డా. మూసీ అని జెప్పి నదిల తానం జేయించిండు. పక్కన ఆడోళ్లేమో గంగా, గంగా అని మొక్కుతున్నరు. మన దిక్కు గోదారినే గంగ అంటరు గద, అది గోదారే అని నాకు అప్పుడే తెల్సింది."

"మరి అడగలేదా?"

"మీ తాత జీతమున్న పటేలు రెండు దినాలే సెలవిచ్చిండు. గంతట్ల పట్నం పోయి మళ్ల రావొస్తదా? నాకు మాటిచ్చిండు గద, గిట్ల నిలబెట్టుకున్నడు. అడిగితె మొఖం చిన్నగైతుండె. నువ్వు గూడ అనకు."

అనలేదు. ఆ కోపం దిగమింగడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

ఏళ్లు గడిచాయి. అవ్వ పోయిన నెలకు నేను అత్తగారింటినుంచి వచ్చేసరికి తాత ఆ ఫోటో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"నేను పాపం జేసిన బిడ్డా. నాందేడు జూపిచ్చి పట్నమని చెప్పిన. ఎర్క లేకనే పోయింది పిచ్చిది."

అవ్వ అనొద్దన్న మాట గుర్తుంది. కానీ తాతను అలా చూడలేకపోయాను.

"అవ్వకెర్కనే తాతా. అది గోదారని అప్పుడే తెల్సిందట. నీ మొఖం చిన్నగైతదని అడగలే."

తాత ఫోటో దగ్గరికి తెచ్చుకుని అవ్వను చూశాడు.

"గందుకేనా... నీళ్లల్ల మూడుసార్లు మునిగి మొక్కింది. మూసీకెవలన్న మొక్కుతరానే అని నవ్విన నేను!" అని నవ్వబోయి, ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను.

ఆ తర్వాత కూడా ఎవరొచ్చినా తాత ఫోటో దింపడం మానలేదు.

"ఇది పట్నం గాదు, నాందేడు," అని మురిసేవాడు. "మా ఆమెకు అప్పుడే ఎర్క."