వాటాదారులకు మురుగునీటి తొట్టి చూపించాను

ఇవాళ మా అట్టల ఫ్యాక్టరీకి ఖమ్మం నుంచి మెటాడోర్ వ్యానులో వాటాదారులు వచ్చారు. జూలూరుపాడు దాటాక అడవి అంచున, వాగు పక్కన ఉంటుంది మా ఫ్యాక్టరీ. నేను అందులో కెమిస్టును. మురుగునీటిని శుభ్రం చేసి వాగులోకి వదిలే తొట్టిని వాళ్లకు చూపించే పని మేనేజరుగారు నాకు అప్పగించారు. వానాకాలంలో ఆ ఒక్క తొట్టి చాలదు. రెండోది కట్టాలంటే వాళ్లు ఒప్పుకోవాలి.

నల్లటి నీళ్లు ఒక గ్లాసులో, శుభ్రం చేసినవి ఇంకో గ్లాసులో పట్టి చూపించాను. ఎవరూ ఏమీ అడగలేదు. చివరికి బట్టల షాపు యజమాని ఒకాయన గొంతు సవరించుకుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇది బందు పెడితే డివిడెండ్ ఎంత పెరుగుతది సారూ?" అన్నాడాయన.

"బందు పెడితే కింద గూడెపోళ్లు తాగే వాగు నీళ్లు ఖరాబైతయండీ."

"గూడెపోళ్లకు మన షేర్లున్నయా ఏంది?"

అందరూ నవ్వారు. మేనేజరుగారూ నవ్వారు. భోజనాలయ్యాక చేతులెత్తించి, రెండో తొట్టి వద్దని తేల్చేశారు.

వ్యాను వెళ్లిపోయాక, వాగుకు బిందెతో వచ్చిన గూడెం సమ్మక్క నన్ను ఆపింది.

"పెద్ద సార్లు ఏమన్నరయ్యా?"

"చూసి పోయిండ్రు సమ్మక్కా" అన్నాను.

ఆమెకు చెప్పనిది ఒకటుంది. ఉద్యోగుల కోటాలో నాకూ కొన్ని షేర్లున్నాయి. తొట్టి వద్దన్నవాళ్లను చేతులెత్తమన్నప్పుడు నేను ఎత్తలేదు. కావాలన్నవాళ్లను ఎత్తమన్నప్పుడూ ఎత్తలేదు. ఆ మేనేజరు ముందు మీరైతే ఎత్తేవారా? నిజం చెప్పండి.